ఏ మామ?

6 ఆగస్టు 2024

ఈ రోజు దామోదర్ సార్ అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. మూడేళ్లలో ఇది రెండోసారి. మొదటిసారి ఏసీ రిపేరు మనిషిని తొందరగా పిలిపించినందుకు. కాబట్టి రాసుకుంటున్నాను.

పుంగనూరులో ఒక ముసలామె చనిపోయింది. ఆదిలక్ష్మమ్మ, అరవై ఎనిమిదేళ్లు. నిన్న మధ్యాహ్నం ఎవరో ఇంటికొచ్చి ఆమెను తోసేసి, చెవుల కమ్మలు లాక్కుపోయారు. తల గడపకు తగిలింది. కొడుకూ కోడలూ పనికి వెళ్లారు. ఇంట్లో ఉన్నది ఐదేళ్ల మనవరాలు ఒక్కతే. మిగతా ఛానెళ్ల కంటే ముందు మా రిపోర్టర్ ఉదయ్ కిరణ్ ఆ పాప ముందు మైకు పెట్టాడు.

మా ఛానెల్ అంటే మదనపల్లెలో ఫ్యాన్సీ షాపు మీద రెండు గదులు, యూట్యూబ్‌లో ఆరు లక్షల సబ్‌స్క్రైబర్లు. ఎడిటింగ్, స్క్రోలింగ్, థంబ్‌నెయిల్ అన్నీ నావే. పాప మైకులో చెప్పిన బైట్ నాలుగు నిమిషాలుంటే ఇరవై రెండు సెకన్లకు కోశాను. "మామ వచ్చినాడు. అవ్వను తోసేసినాడు. అవ్వ లెయ్యలే." ఇంతే.

దామోదర్ సార్ చూసి, మామ అంటే మేనమామా, మేనత్త మొగుడా, గుంటూరులో చూసేవాడికి ఎలా తెలుస్తుంది, క్లియర్‌గా పెట్టమన్నారు. పెట్టాను. "చంపింది మేనమామే! చిన్నారి నోట సంచలన నిజం." ఎర్ర అక్షరాలు, పసుపు బార్డర్. భలే పెట్టావమ్మా ప్రసన్నా అన్నారు.

7 ఆగస్టు

నాలుగు లక్షల వ్యూస్.

9 ఆగస్టు

పాపకు మేనమామ ఒక్కడే. పేరు మహేష్. ముప్పై ఒకటి. ఇక్కడే టమోటా మండీలో వేలం పాడతాడు. ఆ గొంతు మార్కెట్లో అందరికీ తెలుసు. సోమవారం లోడు పని మీద పుంగనూరు వెళ్లాడు. అక్క ఇంటికి మాత్రం పోలేదంటున్నాడు. నమ్మేదెవరు?

నిన్నంతా జనం స్టేషన్ ముందు రోడ్డు మీద కూర్చున్నారు. మేనమామను మా చేతికివ్వండి అని అరుపులు. అట్టల మీద నా థంబ్‌నెయిల్ ప్రింటు తీసి అంటించుకున్నారు. నా ఫాంటే, నా పసుపు బార్డరే. నిజం చెప్పాలంటే మొదట చూడగానే నాకు గర్వమే వేసింది. ఈ రోజు మధ్యాహ్నం అరెస్టు చూపించారు.

10 ఆగస్టు, ఉదయం 11

పార్ట్ టూ కావాలన్నారు సార్. పాప మాటల్లో ఇంకేమైనా ఉందేమో చూడమన్నారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగు నిమిషాలూ విన్నాను.

రెండో నిమిషంలో ఉదయ్ కిరణ్ అడుగుతాడు, ఏ మామమ్మా అని. సరిగ్గా అప్పుడే లారీ హారన్. అందుకే ఆ ముక్క ఆ రోజు తీసేశాను. హారన్ వెనక పాప చెప్తోంది. "టోపీ మామ. నీళ్లు అడిగినాడు."

మళ్లీ పెట్టాను. మళ్లీ పెట్టాను.

సొంత మేనమామను టోపీ మామ అని ఏ పిల్ల అంటుంది? ఇల్లు తెలిసినవాడు గుమ్మంలో నిలబడి నీళ్లు అడుగుతాడా?

10 ఆగస్టు, మధ్యాహ్నం 3

కనుక్కున్నాను. పాప వాళ్లు మొన్న మార్చి దాకా కుప్పంలోనే ఉన్నారు. తండ్రిది గ్రానైట్ పాలిష్ పని.

మాది కుప్పం పక్క పల్లె. మా పక్క పిల్లలకు ఊళ్లో తిరిగే ప్రతి మగమనిషీ మామే. బస్సులో టికెట్టు మామ, బడి దగ్గర ఐస్ మామ, ఆస్పత్రిలో సూది మామ. ముక్కూ మొహం తెలియనివాడు ఇంటి ముందు ఆగినా, మామకు దండం పెట్టు అనే అంటారు పెద్దవాళ్లు. తమిళం, కన్నడం కలిసిన ఊళ్లు మావి. మామ అంటే మనిషి, అంతే.

ఇది నాకు తెలుసు! దామోదర్ సార్‌కు తెలియకపోవచ్చు, గుంటూరువాడికి తెలియకపోవచ్చు. నాకు తెలుసు. మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊళ్లో, కాలేజీ మొదటి సంవత్సరం నా మాటకు క్లాసంతా నవ్వింది. క్యాంటీన్ ఆయన్ను మామా అన్నాననీ, యాడికి పోతాండావు అన్నాననీ. ఆ ఏడాదే కూర్చుని నా నోటిని నేనే ఇస్త్రీ చేసుకున్నాను. ఎంత బాగా చేసుకున్నానంటే, మా ఊరి మాట మా ఊరి పాప నోట వింటే దాన్ని దిద్ది పెట్టాను.

12 ఆగస్టు

సార్‌కు చెప్పాను. సగం వినగానే ఫోన్ తీసుకున్నారు. దర్యాప్తు పోలీసుల పని, మన పని అయిపోయింది, సబ్జెక్టు చల్లబడక ముందే పార్ట్ టూ పెట్టమన్నారు. హార్డ్ డిస్క్ నిండిపోయింది, కొయ్యని పాత రా ఫుటేజ్ అంతా డిలీట్ చెయ్యమని కూడా అన్నారు.

డిలీట్ చేశాను. అంతకుముందు నా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాను. ఎందుకు చేసుకున్నానో అడిగితే చెప్పలేను. ఉద్యోగం పోతుందని భయం ఉంది, పాపభీతీ ఉంది. రెంటికీ చోటిచ్చాను.

30 ఆగస్టు

మహేష్‌ను కోర్టుకు తెచ్చినప్పుడు జనం కుళ్లిన టమోటాలు విసిరారు. మండీవాడు కదా అని నవ్వుకుంటూ ఏరుకొచ్చారట. ఒకటి కంటి మీద తగిలింది. తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. సార్ ఆ షాట్ స్లో మోషన్‌లో పెట్టమన్నారు. పెట్టాను. పదహారు సార్లు చూశాను దాన్ని, టైమింగ్ కోసం.

18 సెప్టెంబరు

మహేష్ తల్లి ఆఫీసుకు వచ్చింది. చౌడమ్మ అట. తంబళ్లపల్లె దగ్గర ఏదో పల్లె, రెండు బస్సులు మారి వచ్చింది. మెట్లెక్కి చెప్పులు బయటే విడిచి, తలుపు దగ్గర నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. అదే నయమనుకున్నాను, అది కూడా తప్పే.

దామోదర్ సార్‌తో మెల్లగా చెప్పింది. "మీరే గదప్పా నా కొడుకును టీవీలో ఎక్కించింది. మీరే దించండి."

ఆమెకు కోర్టు, బెయిలు ఏమీ అర్థం కాలేదు. టీవీలో పెట్టారు కాబట్టి జైల్లో ఉన్నాడు, టీవీలో తీసేస్తే ఇంటికి వస్తాడు. నవ్వబోయాను. ఆగిపోయాను. ఆమె చెప్పినదాంట్లో తప్పేముంది?

సార్ తప్పకుండా అమ్మా అన్నారు. ఉదయ్ కిరణ్‌తో ఆమె బైట్ తీయించారు. టైటిల్ నేనే పెట్టాను. "నా కొడుకు అమాయకుడు! కిరాతకుడి తల్లి డ్రామా?" ప్రశ్నార్థకం పెడితే కేసు పడదని సార్ నేర్పారు. కింద రెండు వేల కామెంట్లు. ఆ తల్లిని తిట్టనివాడు పాపి.

19 సెప్టెంబరు

అన్నం సహించడం లేదు.

6 నవంబరు

బెయిల్ రెండోసారి కొట్టేశారు. ప్రజల్లో ఆగ్రహం ఉంది, బయటికి వస్తే అతని ప్రాణానికే ముప్పని వాదించారట. ముందు ఒప్పుకున్న లాయరు ఫోటో ఎవరో గ్రూపుల్లో పెడితే ఆయన తప్పుకున్నాడు. ఇప్పుడు జయచంద్ర అనే ఆయన చూస్తున్నాడు. మహేష్ భార్య పిల్లాడిని బడి మాన్పించి పుట్టింటికి వెళ్లిపోయింది.

ఏ వీడియో ఎడిట్ చేస్తున్నా హారన్ వస్తే ఆగిపోతున్నాను. హారన్ వెనక ఏదో మాట ఉంటుంది. వాల్యూమ్ పెంచి చూస్తాను. టమోటా రేట్లు, ఎమ్మార్వో ఆఫీసు ధర్నా, దేని వెనక చూసినా ఒక చిన్న గొంతు. చెవుల డాక్టరు ఏమీ లేదన్నాడు.

21 మార్చి 2025

జయచంద్ర ఆఫీసుకు వచ్చి ఆ రోజు రా ఫుటేజ్ ఉందా అని అడిగాడు. పెద్దాయన, చొక్కా కాలరు చిరిగి ఉంది. దామోదర్ సార్ లేదన్నారు, డిలీట్ అయిపోయిందన్నారు. నా వైపు తిరిగి, అంతే కదా ప్రసన్నా అన్నారు.

పెన్‌డ్రైవ్ నా బ్యాగులోనే ఉంది. బ్యాగు నా ఒళ్లోనే ఉంది.

అంతే సార్ అన్నాను.

22 మార్చి

సిగ్గుగా ఉంది.

15 జులై

పాపను కోర్టులో విచారించారు. తలుపులు మూసి అడిగారట. లోపల ఉన్నవాళ్లలో ఒకరు ఉదయ్ కిరణ్‌కు చెబితే వాడు గంతులేసుకుంటూ వచ్చాడు, కేసు గెలిచినట్టేనని. పాప ఏమాత్రం తడబడలేదట. జడ్జిగారు ఎవరు తోశారమ్మా అంటే "మా మేనమామ" అన్నదట.

మేనమామ.

ఆరేళ్ల పిల్ల నోట ఆ మాట రాదు. మా పక్క ముసలివాళ్ల నోట కూడా రాదు. అది పెళ్లి కార్డుల్లో ఉంటుంది, నా థంబ్‌నెయిల్లో ఉంటుంది. పదకొండు నెలలుగా ఇంట్లో, వీధిలో, ఫోన్లో ఆ పాప వింటున్నది నన్నే. ఇప్పుడు తన కళ్లతో చూసింది పోయి, నేను టైప్ చేసింది మిగిలింది. టోపీ పోయింది, నీళ్లు పోయాయి. అది అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే అలా గుర్తుంది దానికి.

16 జులై

జయచంద్ర ఇంటికి వెళ్లి పెన్‌డ్రైవ్ ఇచ్చాను. ఆయన విని కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. మార్చిలో యాల చెప్పలేదమ్మా అని కారణం ఒక్కసారే అడిగాడు.

18 జులై

ఉద్యోగం పోయింది. సార్ తిట్టలేదు. అన్నం పెట్టిన ఇల్లు కదమ్మా అని మాత్రం అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

11 నవంబరు 2025

సాక్ష్యం చెప్పాను. మదనపల్లె కోర్టు. బోనులోకి ఎక్కాను. మహేష్ అటువైపు నిలబడి ఉన్నాడు. వీడియోల్లో చూసిన మనిషి కాడు. సగమయ్యాడు. తల దించుకునే ఉన్నాడు.

క్లిప్ వేశారు. హాలంతా లారీ హారన్. దాని వెనక పాప. జడ్జిగారు మూడుసార్లు వేయించుకున్నారు.

ప్రభుత్వ లాయరు నన్ను గట్టిగానే పట్టుకున్నాడు. ఉద్యోగంలోంచి తీసేశారన్న కక్షతో చెప్తున్నారా? కాదు. మార్చిలో లేదని ఇప్పుడు ఉందంటారా? అవును, అప్పుడు అబద్ధం చెప్పాను. నిందితుడు మీకేమవుతాడు? ఏమీ కాడు. ఎప్పుడైనా మాట్లాడారా? లేదు.

తర్వాత జయచంద్ర లేచాడు. మీకు ఐదేళ్లప్పుడు, మీ ఊళ్లో, మీ ఇంటి ముందు ఈ మనిషి ఆగి నీళ్లు అడిగితే ఏమని పిలిచేవారు అని అడిగాడు. జడ్జిగారు, సాక్షి అతన్ని చూసి చెప్పాలన్నారు.

చూశాను. పదేళ్లుగా దాచుకున్న నోరు తెరిచాను.

"మామా."

మహేష్ తల ఎత్తాడు. పదిహేను నెలల్లో ఆ మాటకు ఎవరైనా అతనివైపు కోపం లేకుండా చూశారో లేదో. కళ్లలో నీళ్లు తిరిగాయి, అతనివీ, నావీ. జడ్జిగారు రాసుకున్నారు. వెనక బెంచీలో ఉదయ్ కిరణ్ కూడా రాసుకున్నాడు.

12 నవంబరు, ఉదయం 7

నా సీట్లోకి ఎవరో కొత్తమ్మాయి వచ్చినట్టుంది. ఫాంటు మార్చింది.

"కోర్టులోనే 'మామా' అని పిలిచింది! హంతకుడి కోసం కన్నీళ్లు! ఎవరీ యువతి?"

నా కాలేజీ ఫోటో ఎక్కడ దొరికిందో. పక్కన మహేష్ ఫోటో. మధ్యలో గుండె బొమ్మ. ప్రశ్నార్థకం పెట్టారు, కాబట్టి కేసు పడదు. మామా అంటే వయసులో ఉన్న ఆడపిల్ల నోట జనానికి ఏమని వినిపిస్తుందో నాకు ముందే తెలియాల్సింది. మాటల మీదే కదా నేను బతికింది.

12 నవంబరు, సాయంత్రం 6

వ్యూస్ ఆరు లక్షలు దాటాయి. కామెంట్లు చదవనని ఒట్టు పెట్టుకుని అన్నీ చదివాను.

24 నవంబరు

మహేష్‌ను విడుదల చేశారు. నేరం రుజువు కాలేదు, అనుమానం మిగిలింది, అనుమానం ఉన్నప్పుడు శిక్ష వేయలేం అని తీర్పు. చౌడమ్మ కోర్టు మెట్ల మీద కూలబడిపోయింది. కొడుకు చెంపలు నిమురుతూనే ఉంది. నేను దూరం నుంచే చూశాను. దగ్గరికి వెళితే ఫోన్లు లేస్తాయి.

అక్క హేమలత తమ్ముడి మొహం చూడకుండానే ఆటో ఎక్కింది. పాపను కొంగుతో కప్పి తీసుకెళ్లింది. మహేష్ అటు రెండడుగులు వేసి ఆగాడు. కొంగు కింద నుంచి పాప భయపడి పెట్టిన కేక వినిపించింది. హారన్ ఏమీ అడ్డం లేదు. బాగా వినిపించింది.

టోపీవాడు ఎవరో ఎవరూ వెతకడం లేదు.

27 నవంబరు, మా పల్లె

రూము ఖాళీ చేసి ఇంటికి వచ్చేశాను. అమ్మ సంగటి పెట్టింది, పప్పు పోసింది. తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. ఏమీ అడగలేదు. మా అమ్మ ఒక్కతే నాకు వివరం చెప్పనక్కర్లేని మనిషి అనుకుంటూ చెయ్యి కడుక్కున్నాను.

అమ్మ లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. చేతిలో ఫోను, అందులో ఆ గుండె బొమ్మ.

"నిజం సెప్పు. ఎవురే ఆయప్ప?"