బ్రెజిల్ నుంచి బదులు

నిజామాబాద్

తాతకు హర్షిణి నమస్కారాలు.

ఫోన్‌లో చెబితే నీకు సగమే వినబడుతుంది కనుక రాస్తున్నాను. మా కాలేజీ వాళ్లం కొందరం బడిపిల్లలకు లెక్కలు నేర్పే ఒక సాఫ్ట్‌వేర్‌కు పనిచేస్తున్నాం. అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. అందులో తెలుగు చేర్చింది నేనే! బ్రెజిల్‌లో ఉండి దాన్ని చూసుకునే ఫెర్నాండా అనే ఆవిడ నా పని చూసి, బాగుందని అందులో కలిపింది. జీతం ఉండదు. పని మిగిలింది కాబట్టి ఈ సెలవులకు రాలేను.

నీ మనవరాలు,
హర్షిణి

తా.క. బ్రెజిల్ ఎక్కడని బాపమ్మ అడిగితే నిర్మల్ దాటాక అని చెప్పకు.

మోర్తాడ్

చిరంజీవి హర్షిణికి తాత దేవిదాస్ ఆశీస్సులు.

అంతా అర్థమైంది. జీతం లేకుండా ఇవాళ మనం వాళ్ల చేలో, రేపు వాళ్లు మన చేలో. దీన్నే మనం బదులు అంటాం. మంచి పద్ధతి. శివరాత్రి కాగానే మన పసుపు తవ్వకం. ఫెర్నాండమ్మను, మిగతా వాళ్లను పంపు. "పరాయి దేశపోల్లు, మన కారం తింటరో తినరో" అని మీ బాపమ్మకు ఒకటే బెంగ.

ఇట్లు,
దేవిదాస్

తా.క. పలుగులు, గంపలు మనవే ఇస్తాం. మోసుకురావద్దని చెప్పు.

నిజామాబాద్

తాతకు నమస్కారాలు.

వాళ్లు పసుపు తవ్వడానికి రారు తాతా! ఎవరి ఊళ్లో వాళ్లు కూర్చునే చేస్తారు. నేను వాళ్ల మొహాలు కూడా చూడలేదు.

హర్షిణి

తా.క. బాపమ్మను పొయ్యి వెలిగించొద్దను.

మోర్తాడ్

హర్షిణికి ఆశీస్సులు.

మొహం తెలియని వాళ్లకు చాకిరీయా? బదులు ఎగ్గొట్టేవాళ్లతో మన ఇంట్లో ఎవరూ పొత్తు పెట్టుకోలేదు. పైగా మన బడి రాజేశ్వర్ సారు, "పటేలా, మీ మనుమరాలి లెక్కలు మా పాత కంప్యూటర్ల మీద తెరుసుకుంటనే లేవు" అన్నాడు. మన ఊరి పిల్లలకే అందని పని ఎవరి కోసం? తవ్వకం నాటికి బదులు రాకపోతే అది మానేసి ఇంటికి రా.

దేవిదాస్

తా.క. పొయ్యి ఎప్పుడో వెలిగింది. డబ్బా నిండా సకినాలు.

నిజామాబాద్

తాతా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. మన బడిలో నడవడం లేదన్నది నిజం. అదే మాట వాళ్లందరికీ రాశాను. ఎవరూ పలకకపోతే బట్టలు సర్దుకుని వస్తాను.

హర్షిణి

తా.క. సకినాలు నాకు ఉంచండి.

మోర్తాడ్

మా బంగారు హర్షిణికి,

తవ్వకం మొదలైన రోజే రాజేశ్వర్ సారు చేనుకు ఉరికొచ్చాడు. "పటేలా, నడుస్తున్నయ్! బ్రెజిల్ అమ్మ మన పాత కంప్యూటర్లకు సరిపోయేటట్టు చేసిందట!" మట్టికాళ్లతోనే బడికి పోయాం. పిల్లలు తెలుగులో లెక్కలు చేస్తున్నారు. తెర మీద ఫెర్నాండమ్మ పేరు పక్కనే నీ పేరు, దాని పక్కన మన మోర్తాడ్ పేరు. మీ బాపమ్మ ఎవరు ఎదురొస్తే వాళ్లకు, "గది మా పొల్ల పేరు, సూడుండ్రి" అని చూపించింది. నాకు ఛాతీ పొంగింది బిడ్డా. నువ్వు ఇంటికి రావద్దు. పని కానియ్యి.

నీ తాత,
దేవిదాస్

తా.క. సకినాలు బడిపిల్లలకు పంచేశాం. నీ పనికి బదులు ముట్టింది కానీ, ఊరి పిల్లలకు ఆమె చేసిన దానికి ఇప్పుడు ఊరంతా బదులు పోవాలి. ఫెర్నాండమ్మ చేలో ఏ పంటో, కోత ఎప్పుడో కనుక్కో. నేనూ బాపమ్మా బట్టలు సర్దుకున్నాం. నిర్మల్ దాటాక ఏ బస్సు ఎక్కాలో వెంటనే రాయి.