తూకం మిషన్ వచ్చే రోజు

జూన్ 17, సోమవారం

ఇవాళ్టి నుంచి ప్రాక్టికల్స్. శిశువిద్య డిప్లొమాలో నలభై మందిమి ఉన్నాం, ఒక్కొక్కరికి ఒక్కో పిల్లల సెంటర్ ఇచ్చారు. నా అదృష్టం, మా వీధి చివరిదే నాకు పడింది. బుడ్డది వెళ్ళేది అక్కడికే. బుడ్డది అంటే మా అక్క కూతురు, మూడున్నరేళ్ళు. దాన్ని పేరు పెట్టి పిలిస్తే ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది.

లెక్చరర్ మేడమ్ ఒకటే సూత్రం చెప్పారు. చూసింది రాయండి, అనుకున్నది రాయకండి అని. పిల్ల ఏడ్చింది అని రాయాలట, పిల్లకు బాధ కలిగింది అని రాయకూడదట. ఆ మాట ఎంత నచ్చిందంటే బస్సులో టికెట్ వెనకాల కూడా రాసుకున్నాను.

ఈ డైరీ చివరి పేజీల్లో మాటలు పోగేస్తున్నాను. ఎడమవైపు నావి, కుడివైపు బుడ్డదానివి. నావి ఇవాళ: మెలకువ, ఊరట, సంరక్షణ. బుడ్డదానివి మొత్తం తొమ్మిది. ఆ వయసుకి తొమ్మిది తక్కువ. సెంటర్లో చేరినప్పుడు మూడేనట.

జూన్ 19, బుధవారం

ఒకటే గది. సగం గోడకి పాకుడు రంగు చెమ్మ. ఇరవై రెండు మంది పిల్లలు, ఒక టీచర్, ఒక ఆయా. గదిలో ఒక మూల స్టవ్, ఆ మూలకి పిల్లలు రాకుండా అడ్డంగా బెంచీ. బెంచీకి మూడున్నర కాళ్ళు అని ఆయా అంది. మిగతా సగం కాలు ఇటుక. నన్ను కాలేజీ పిల్లా అని పిలుస్తుంది, మీ పుస్తకాల్లో ఈ ఇటుకని ఏమంటారో చెప్పు అని అడిగింది. పుస్తకంలో ఇటుక లేదు అన్నాను. అయితే రాసుకో అంది.

రూల్ ప్రకారం సెంటర్ తొమ్మిదికి తెరవాలి. టీచర్ ఏడింటికే తాళం తీస్తారు. ఎవరూ తీయమనలేదు. బట్టల ఫ్యాక్టరీలో మొదటి షిఫ్ట్ ఏడున్నరకి, ఈ వీధిలో సగం మంది తల్లులు అక్కడే కుడతారు. మా అక్క కూడా. తలుపు దగ్గర టీచర్ ఒక్కొక్కరినీ రండి రండి అని పిలుస్తారు, పెద్దవాళ్ళని పిలిచినట్టు. బుడ్డది ఆ పిలుపు వినడానికి ఒకసారి లోపలికి వెళ్ళి, మళ్ళీ బయటికొచ్చి, మళ్ళీ వెళ్తుంది.

జూన్ 24

బుడ్డది: పదకొండు. కొత్తవి "ఇటుక", "ఇంకా".

జూలై 4, గురువారం

టీచర్ దగ్గర ఒక విద్య ఉంది. ప్రతి నెలా పిల్లల బరువు చార్టులో ఎక్కించాలి. తూకం మిషన్ లేదు. ఆవిడ పిల్లని చంకలోకి ఎత్తుకుని, ఒకసారి పైకి ఎగరేసినట్టు కదిపి, పది ఎనిమిది వందలు అంటారు. ఆయా రాస్తుంది. నేను నవ్వాపుకోలేకపోయాను. నవ్వమ్మా నవ్వు, మిషన్ వచ్చిన రోజు చూద్దువు గాని అన్నారు.

బుడ్డదాన్ని ఎత్తి పదకొండు నాలుగు వందలు అన్నారు. చార్టులో అది ఎర్ర గీతకి కింద. సెప్టెంబర్ నెలాఖరుకి దీన్ని పన్నెండు చేసి గీత దాటిస్తాను, చూస్తూ ఉండు అన్నారు. మధ్యాహ్నం బుడ్డదానికి ఒకటికి బదులు ఒకటిన్నర గుడ్డు పడింది. ఆ సగం ఎవరిదో నేను చూశాను. ఆయాది.

జూలై 9, మంగళవారం

ఇన్‌స్పెక్షన్. పొద్దున్నే ఆరున్నరకి తూకం మిషన్ వచ్చింది! పక్క సెంటర్ టీచర్ దాన్ని గోనెసంచిలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. మూడు సెంటర్లకి ఒకటే మిషన్. ఇన్‌స్పెక్షన్ ఎక్కడుంటే అది అక్కడికి, ఆఫీసర్ కంటే ముందే వెళ్తుంది. ఎదురింటి నుంచి నాలుగు కుర్చీలు, మందుల షాపు నుంచి ఫస్ట్ ఎయిడ్ డబ్బా కూడా వచ్చాయి. ఆయా పెళ్ళివారి విడిది సర్దుతున్నట్టు సర్దింది. పెళ్ళికొడుక్కి షుగరుంది, టీలో చక్కెర వెయ్యకు అని నాకు పని చెప్పింది.

ఆఫీసర్ ఇరవై నిమిషాలు ఉన్నారు. మిషన్ ఉందా, ఉంది. కుర్చీలు, ఉన్నాయి. టిక్కులు పెట్టుకుని వెళ్ళారు. కారు మలుపు తిరిగిందో లేదో మిషన్ మళ్ళీ గోనెసంచిలోకి దూరింది. పన్నెండుకి రెండో సెంటర్లో ఇన్‌స్పెక్షన్ అట.

ఈలోపే నేను పిల్లలందర్నీ తూచి చూశాను. టీచర్ చెప్పిన బరువుల్లో ఒక్కటి కూడా రెండు వందల గ్రాముల తేడా రాలేదు. బుడ్డది: 11.4.

మిషన్ కావాలని అడగొచ్చు కదా టీచర్ అన్నాను. ఆవిడ కుర్చీలు పేరుస్తూ చెప్పారు, పదమూడేళ్ళుగా ఉంది ఉంది అని రాస్తేనే ఈ తలుపు తెరిచి ఉందమ్మా, లేదని రాస్తే లేనిది ఇవ్వరు, ఉన్నది తీసుకుంటారు అని. ఇవాళ చూసినవి నీ రిపోర్టులో పెట్టకు తల్లీ అన్నారు.

నేను సరే అనలేదు. కాదని కూడా అనలేదు.

జూలై 10, బుధవారం

అన్నం తింటూ అక్కతో వాదించాను. లేదని చెప్పకపోతే ఎవరికైనా ఎలా తెలుస్తుంది? నువ్వు ఫ్యాక్టరీలో సూది విరిగితే చెప్పవా అన్నాను. అక్క చెప్పను, ఇంటి నుంచి తెచ్చుకుంటాను అంది. ఏమే, ఆవిడ వద్దందిగా, వదిలెయ్ అని కూడా అంది.

అక్క పదో తరగతి మధ్యలో మానేసింది. అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా. అప్పుడు ఈ వీధిలో సెంటర్ లేదు. ఈ సంగతి అక్క ఎప్పుడూ ఎత్తదు. నేనే ఇవాళ రాస్తున్నాను.

జూలై 12, శుక్రవారం, రాత్రి

రాసేశాను. పద్నాలుగు పేజీలు. మేడమ్ చెప్పినట్టు చూసింది చూసినట్టే. బెంచీకి ఇటుక కాలు. ఆయా సగం గుడ్డు. ఏడింటికే తీసే తాళం. "ఈ గదికి తూకం మిషన్ చుట్టంలా వస్తుంది, పొద్దున్నే వచ్చి, భోజనం వేళకి ముందే వెళ్ళిపోతుంది." ఈ వాక్యం రాశాక లేచి గదిలో రెండు చుట్లు తిరిగాను. ఇంత మంచి వాక్యం నా చేతి నుంచి ఎప్పుడూ రాలేదు. ఇది చదివినవాడు మిషన్ పంపకుండా ఉండగలడా?

టీచర్‌కి చూపించలేదు. మిషన్ వచ్చాక చూపిస్తాను.

జూలై 26, శుక్రవారం

ఇరవై అయిదుకి ఇరవై నాలుగు! మేడమ్ క్లాసులో పైకి చదివారు. చుట్టం దగ్గర ఆగి, అందరి వైపూ చూశారు. పిల్లల మీద పెట్టే ఖర్చు గురించి పైఆఫీసులో మీటింగ్ ఉందట, దీన్ని అక్కడికి పంపుతాను, నువ్వేమీ అనుకోకు కదా అన్నారు. నేనేమనుకుంటాను! మెట్లు రెండేసి చొప్పున దిగాను.

బుడ్డది: పంతొమ్మిది. ఈ వారం రెండు మాటలు కలిపింది. "ఇంకా గుడ్డు."

ఆగస్టు 5

మేడమ్ చెప్పారు, నా వాక్యం మీటింగ్‌లో చదివారట. చుట్టం వాక్యమే.

ఆగస్టు 19, సోమవారం

సెంటర్ తలుపు మీద కాగితం. ఏడింటికి తల్లులంతా దాని ముందు నిలబడి ఉన్నారు. కాలేజీ పిల్ల కదా చదువు అని ఆయా నన్ను ముందుకి తోసింది. చదివాను. పైకే చదివాను.

ఈ ఏడాది నిధులు ప్రమాణాలున్న కేంద్రాలకే. ఈ కేంద్రాన్ని ఆదర్శ కేంద్రంలో విలీనం చేస్తున్నారు. కారణాలు మూడు. ఒకటి, వసతులు లేకపోయినా ఉన్నట్టు రికార్డు చేయడం. రెండు, అనుమతి లేని వేళల్లో కేంద్రం తెరవడం. మూడు, పిల్లల ఆహారం లెక్కల్లో తేడాలు.

ఒకటో కారణం కింద కొటేషన్ గుర్తుల మధ్య "తూకం మిషన్ చుట్టంలా వస్తుంది" అని ఉంది.

అది కూడా పైకే చదివాను. ఎదురింటావిడ ఆ మాట ఎవడు రాశాడో గాని బాగా రాశాడు అంది.

ఆగస్టు 19, సాయంత్రం

టీచర్‌ని సస్పెండ్ చేశారు. ఆయాకి పని లేదు.

టీచర్ ఇంటికి వెళ్ళాను. తిడతారనుకున్నాను, తిడితే బాగుండేది. నీళ్ళిచ్చారు. ఎన్ని మార్కులొచ్చాయమ్మా అని అడిగారు. చెప్పాను. ఇంకొకటి ఎందుకు తగ్గించారో అన్నారు. ఎగతాళికి అన్నారేమోనని ముఖంలోకి చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నారు.

అక్కణ్ణుంచి ఆయా ఇంటికి వెళ్తే, ఆమె లోపలి నుంచి బయటికి రాలేదు. గుడ్డు లెక్కల్లో తేడా నీ నోట్లోకే పోయిందా అని వీధిలో ఎవరో అన్నారట ఆమెని. మూడో కారణం నేను రాసిన సగం గుడ్డు.

ఆగస్టు 21, బుధవారం

ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి ఆఫీసర్ మంచి మనిషి, కూర్చోమన్నారు. ఆ రిపోర్ట్ రాసింది నువ్వేనా, చదువుతుంటే కళ్ళు చెమర్చాయమ్మా అన్నారు. మిషన్ ఇస్తారని రాశాను సార్ అన్నాను. ప్రమాణాలు లేని చోట డబ్బు పెట్టడానికి రూల్ ఒప్పుకోదు అన్నారు. డబ్బు పెట్టకపోతే ప్రమాణాలు ఎక్కణ్ణుంచి వస్తాయి అని అడిగాను. ఆయన నవ్వి, అది మా పైవాళ్ళని అడగాలి, వాళ్ళు కూడా వాళ్ళ పైవాళ్ళని అడగాలి అన్నారు.

ఆదర్శ కేంద్రం మీద కూడా ఒకటి రాయమన్నారు. నీ కలంలో బలం ఉందమ్మా, వృథా చేసుకోకు అన్నారు.

ఆదర్శ కేంద్రం చూసి వచ్చాను. గోడల నిండా రంగులు. చిన్న చిన్న కుర్చీలు. తూకం మిషన్లు రెండున్నాయి, ఒకదానికి అట్టపెట్టె కూడా విప్పలేదు. మూడు కిలోమీటర్లు, మధ్యలో లారీలు తిరిగే పెద్ద రోడ్డు. తొమ్మిదికి తెరుస్తారు, పన్నెండున్నరకి మూసేస్తారు. మా వీధి పిల్లలు ఒక్కరు కూడా లేరు. ఎలా ఉంటారు?

ఆగస్టు 28

అక్క బుడ్డదాన్ని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి కుట్టుమిషన్ కింద గుడ్డ ముక్కల్లో కూర్చోబెట్టింది. రెండు రోజులు ఎవరూ చూడలేదు. మూడోరోజు సూపర్‌వైజర్ చూశాడు. పిల్ల కావాలా పని కావాలా అన్నాడట. బావ లారీ మీద వెళ్ళి పదకొండు రోజులైంది, ఫోన్లో ఏదో ఒకటి చూడండి అన్నాడు.

ఎదురింటావిడ ఒప్పుకుంది. ఫోన్ చేతిలో పెట్టి మంచం మీద కూర్చోబెడుతుంది. బుడ్డది కదలదు, ఎంత బుద్ధిమంతురాలో అంటుంది. కుడివైపు పేజీలో పది రోజులుగా కొత్త మాట లేదు.

సెప్టెంబర్ 3, మంగళవారం

ఎదురింటావిడ ఊరెళ్ళింది. నాకు పరీక్ష. ఒక్క పూటేగా అని అక్క బయట గొళ్ళెం పెట్టి వెళ్ళింది. నేను ఒంటిగంటకల్లా వస్తానన్నాను. బస్సు లేటు. రెండయింది.

గొళ్ళెం తీస్తే తలుపు తెరుచుకోలేదు. లోపల ఏదో అడ్డం ఉంది. మెల్లగా తోశాను. బుడ్డది తలుపుకి ఆనుకుని నిద్రపోయింది. రెండు అరచేతులూ వాచి ఎర్రగా ఉన్నాయి. తలుపు లోపలివైపు, దాని ఎత్తులో, చిన్న చిన్న చేతి మరకలు.

ఏడవలేదు. ఎత్తుకుంటే మెడ పట్టుకుంది. నీళ్ళు కావాలా అంటే చూసింది. ఆకలా అంటే చూసింది.

చూసింది రాయి, అనుకున్నది రాయకు.

సెప్టెంబర్ 4, బుధవారం

అక్క బుడ్డదాని చేతులకి మందు రాస్తూ, నేను మానేస్తాను అంది. అద్దె ఎవరిస్తారు అన్నాను. ఆ రిపోర్ట్ ఎవరు రాశారో అక్కకి తెలుసు. మొదటి రోజే తెలుసు. ఒక్క మాట అనలేదు. పదో తరగతి సంగతి అనలేదు, ఇదీ అనలేదు.

నేను మానేస్తాను అన్నాను.

వద్దే అంది. ఒక్కసారే అంది.

సెప్టెంబర్ 9, సోమవారం

కాలేజీలో సర్టిఫికెట్లు తీసుకున్నాను. మేడమ్ చాలా బాధపడ్డారు. ఇంత బాగా రాసేదానివి అన్నారు. నాకు అప్పుడు గట్టిగా అరవాలనిపించింది. అరవలేదు. థ్యాంక్స్ మేడమ్ అన్నాను.

మెట్ల మీద నుంచి నలభై మంది చదివే గది కనిపించింది. ముప్ఫై తొమ్మిది.

సెప్టెంబర్ 16

ఎడమవైపు పేజీ: ఏమీ లేదు. కుడివైపు: ఏమీ లేదు.

సెప్టెంబర్ 22, ఆదివారం

టీచర్ వచ్చారు. ఏడింటికి. పొద్దున్న ఏడింటికి ఇంట్లో కూర్చోవడం చేతకావట్లేదమ్మా అన్నారు. గుమ్మంలో నిలబడి బుడ్డదాన్ని చూసి రండి రండి అన్నారు. బుడ్డది నా వెనక్కి వెళ్ళింది. ఎత్తుకోబోయి, చేతులు చాపి, మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. ఎందుకు ఎత్తుకోలేదో నాకు తెలుసు. ఎత్తితే బరువు తెలుస్తుంది.

సెప్టెంబర్ 30, సోమవారం

బుడ్డది పళ్ళెం బోర్లించి, దాని మీద నిలబడింది. చేతులు పక్కలకి పెట్టుకుని, కదలకుండా.

పిన్నీ, ఎంత అంది.

చంకలోకి ఎత్తుకుని, ఒకసారి కదిపాను. తగ్గిందని చేతులకి తెలిసిపోయింది.

పన్నెండు అన్నాను.

రాయి అంది.

పన్నెండు.