సర్కారుకు ఇంటిపేరు లేకపోవుట గురించి

హనుమకొండ,
11-6-1984.

టెలిఫోను ఆపరేటర్ల ఎంపిక అధికారి, శ్రీ రాజేశ్వర్ రావు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తమరు పంపిన ఇంటర్వ్యూ ఉత్తరం మా గేటు దగ్గరి నుంచే వాపసు పోవుట – మరొకటి పంపించ కోరుట.

గుండేటి వరలక్ష్మి, బి.ఎస్సీ., అను నేను భద్రమ్మ గారి ప్రైవేటు ఆడపిల్లల హాస్టలులో ఉంటున్నదానను. తమరి ఉత్తరం "తీసుకొనుటకు వీలులేదు" అను ఎర్రసిరా రాతతో తమకు తిరిగి చేరి ఉండును. అది నా పొగరు అని తమరు ఫైలులో రాసుకొనక ముందే ఈ క్రింది సంగతులు మనవి చేసుకుంటున్నాను.

1. మా హాస్టలుకు ఒకటే సూత్రం. వచ్చిన మనిషికిగానీ ఉత్తరానికిగానీ పిల్ల ఇంటిపేరే ఉండవలెను. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ళ వరస, కాబట్టి ప్రమాదం లేదని భద్రమ్మ గారి సిద్ధాంతం.

2. ఫోనుకు ఇంటిపేరు కనబడదు గనుక వేరే పరీక్ష. వాచ్‌మన్ మొగిలి ఎత్తగానే అవతలి వారు "ఏం బిడ్డా" అంటే తండ్రి. "హలో" అంటే కాలేజీ పిలగాడు, వెంటనే పెట్టేయవలెను. ఇందువల్ల హలో అనే తండ్రులందరూ పిలగాండ్లయిపోయారు.

3. మా నాన్న పోయిన నాటినుంచి నన్ను చదివించిన మేనమామ రాయమల్లు, నెక్కొండ నుంచి వచ్చి రెండు గంటలు గేటు బయట ఎండలో నిలబడి, తెచ్చిన సకినాలతోనే తిరిగి రైలెక్కాడు. మేనమామ ఇంటిపేరు కలిస్తేనే గదా తప్పు అని నేను అడిగినందుకు, ఎదురు మాట్లాడుట కింద రిజిస్టరులో ఎక్కాను. అదే వారం భాస్కర్ అను బీమా ఏజెంటు ఈ సూత్రం ఎక్కడో విని, తన పేరు ముందు "గుండేటి" తగిలించుకొని, నాకు అన్న అయి, లోపల కూర్చుని చాయ తాగి, భద్రమ్మ గారికే ఒక పాలసీ అంటగట్టి పోయాడు. కాపలా అంత గట్టిది.

4. ఇక తమరి ఉత్తరం. ఇంటర్వ్యూలు ఈ నెల ఇరవై రెండున అని పేపరులో చూసి దాని కోసమే ఎదురుచూస్తున్నాను. వాపసు పంపిన మూడో రోజున మొగిలి నన్ను పిలిచి, ఎంతో మర్యాదగా అడిగాడు:

"బిడ్డా, కవరు మీద సర్కారు అని రాసి ఉండె. మీ ఇంట్ల సర్కారోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

లేరన్నాను.

"మరి సర్కారు ఇంటిపేరేంది?"

నేను బి.ఎస్సీ. చదివాను గానీ ఇది సిలబసులో లేదు. సర్కారుకు ఇంటిపేరు లేదని తేలినందుకు అతను తృప్తిపడ్డాడు.

"అయితే నేను వాపసు పంపుడు సక్కగనే ఉన్నది. ఫికర్ చెయ్యకు."

5. టైపు పరీక్ష అయిపోయినందున నాకు బయట పని లేదట. గేటు దాటాలంటే ఇంటిపేరు కలిసిన మగవారి పిలుపు ఉత్తరం కావాలి. మా వంశంలో అట్టివారు ఎవరూ మిగల్లేదు. ఇక తమరి ఆఫీసు గేటు దగ్గర కూడా ఒక మొగిలి ఉంటాడు, ఉత్తరం లేనిదే లోపలికి రానీయడు. ఈ ఇద్దరి నడుమ నా వయసు ఈ డిసెంబరుకు సర్కారు గడువు దాటిపోతుంది. అడిగినవారికి అడిగిన లైను కలిపే పని నాకు వస్తుందని, ఇన్ని అడ్డంకులు చూసినందుకైనా నమ్మగలరు.

కావున మరొక ఉత్తరం పంపించ ప్రార్థన. నా మాటల్లో కటువు ఉంటే అది గేటుదిగా భావించి, మిగిలినది దయతో చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
గుండేటి వరలక్ష్మి

తా.క. ఈ అర్జీ వంటింటి తలుపు గుండా, కూరలమ్మే చిలుకమ్మ గంపలో వంకాయల కింద వస్తున్నది. ఆ తలుపుకు కాపలా లేదు, వంకాయలకు ఇంటిపేరు అడగరు. కానీ జవాబు గేటు నుంచే రావాలి. కనుక కవరు మీద "గుండేటి రాజేశ్వర్ రావు" అని రాసి, లోపలి ఉత్తరం "బిడ్డా వరలక్ష్మీ, ఇరవై రెండో తారీఖున పనున్నది, రా" అని మొదలుపెట్టి, ఇంటర్వ్యూ కాగితం లోపల మడిచి పెట్టగలరు. చిన్నాయన అయినందుకు మార్కులు వేయనక్కరలేదు. గేటు దాటిస్తే చాలు.