దిగకుండా ఎక్కిన వంతెన

బెజవాడ, 1944
ఆదివారం రాత్రి

యుద్ధం వచ్చి పెట్రోలు కరువయ్యాక, మా అల్లుడు సుబ్బారావు బొగ్గు గ్యాసుతో నడిచేలా తయారుచేసిన బస్సుకు ఇవాళ పరీక్ష. నిండా జనంతో కాలువ వంతెన ఎక్కితేనే ఓనరు రామయ్యగారు దాన్ని కంకిపాడు దారిలో తిప్పుతారు. లేకపోతే బస్సు తుక్కుకి, మావాడు మళ్లీ సైకిళ్ల రిపేరుకి. నిన్న ఇసుక బస్తాలతో ఎక్కనే ఎక్కింది. "బస్తాలు టిక్కెట్టు కొంటాయటయ్యా? మనుషుల్ని ఎక్కించు," అన్నారాయన.

టిక్కెట్టు లేదంటే జనానికి కొదవా! మా వియ్యపురాలు కాకరకాయల గంపతో సహా ఎక్కింది. (కాకరకాయలకీ ఆవిడ మాటలకీ ఉన్న చుట్టరికం రాయాలంటే ఈ పేజీ చాలదు.)

వంతెన మొదట్లో బస్సు కాస్త నెమ్మదించిందో లేదో, అందరూ బిలబిలా దిగిపోయారు. బొగ్గు బస్సంటే ఎత్తు రాగానే దిగి తొయ్యడం ఊరందరికీ అలవాటాయె. వీళ్లు చెయ్యి వేసేలోపే బస్సు ఖాళీగా పైకి వెళ్లిపోయింది!

"ఇది లెక్కలోకి రాదు," అన్నారు రామయ్యగారు. సుబ్బారావు బస్సును మళ్లీ కిందికి తెచ్చాడు.

"ఈసారి ఎవరూ దిగొద్దండీ, మీకు దణ్ణం పెడతాను," అన్నాను.

"దిగకపోతే పాపం అదెలా ఎక్కుతుంది అన్నయ్యగారూ?" అంది వియ్యపురాలు.

రామయ్యగారు కూడా ఎక్కి తలుపు పక్కన కూర్చున్నారు. జనమంతా సీట్లు గట్టిగా పట్టుకున్నారు. బస్సు దగ్గుతూ, మూలుగుతూ పైకెక్కేసింది. ఒకటే ఈలలు! తీరా చూస్తే బస్సులో రామయ్యగారు లేరు. కిందనుంచి రొప్పుతూ నడిచొస్తున్నారు. అలవాటు కొద్దీ ఆయనే దిగిపోయారు!

"నవ్వింది చాలు. రేపే లైన్లో వెయ్యి సుబ్బారావూ," అన్నారు.

వానల్లో బొగ్గు తడిస్తే ఏమవుతుందోనని నా దిగులు...

"అప్పుడు మళ్లీ పరీక్ష పెడదాం మావయ్యగారూ. రామయ్యగారిని మాత్రం సీటుకి కట్టేద్దాం," అంటున్నాడు అల్లుడు.