తలుపు వైపు తిప్పిన బల్ల

గోడలేం జరపలేదమ్మా, ఇల్లే పెద్దదయింది. నువ్వు అడగలేదు, అయినా చెప్తున్నా. ఇప్పుడు గుమ్మం దగ్గర చెప్పుల కుప్ప లేదు, మంచం కింద పెట్టెలు లేవు, బీరువా పక్కన కాలు విరిగిన కుర్చీ లేదు. గదిలో మాట్లాడితే మాట గోడకి కొట్టుకుని వెనక్కొస్తోంది. అందుకే ఖాళీ చేసిన గోడ అల్మరాలో, కింది అరలో ముడుచుకుని కూర్చుని, తలుపు దగ్గరగా వేసుకున్నా. నేను మాట్లాడుతుంటే ఫోనే రాసుకుంటోంది. తప్పులుంటే దానివి, నావి కాదు.

అమ్మకి, ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, నువ్వు చూసుకునే పెద్దావిడా బాగున్నారనుకుంటున్నా. ‘బాగున్నాం’ అనకుండా ‘బాగానే’ అని ఎందుకన్నానో కిందకి వస్తే తెలుస్తుంది. ముక్కలు ముక్కలుగా మెసేజులు పెట్టొద్దు, ఉత్తరంలా రాయమన్నావు కదా, అలాగే చెప్తున్నా. కానీ ఇదొక్కటి మాత్రం ఆ పెద్దావిడకి చదివి వినిపించకు. నాకు సిగ్గు.

నువ్వడిగినవాటికి జవాబులు. తింటున్నా. దగ్గు తగ్గింది. జుట్టు కత్తిరించుకున్నా, అత్త నీకు పంపిన ఫొటో అంతకుముందుది. ఇక నీ అలారం గడియారం నడుస్తోందా అని మూడోసారి అడిగావు. వెళ్ళేరోజు నాన్న చేతిలో పెట్టి, నేనొచ్చేసరికి దీన్ని మోగించు అన్నావు, నాకు గుర్తుంది. రెండుసార్లు నేను మాట మార్చేశా. ఈసారి చెప్తా. దాన్నంటుకుని ఇంకో మాట కూడా ఉంది. అది నీకు చెప్పనని నాన్నకి మాటిచ్చా. చెప్తే నాన్న దగ్గర మాట తప్పినవాణ్ణి, చెప్పకపోతే నీ దగ్గర అబద్ధాలకోరుని. టీచరమ్మ బాగుచెయ్యమని ఇచ్చిన గోడ గడియారానికి ఇంకో వారం గడువు అడగడానికి నాన్న వాళ్ళింటికి వెళ్ళాడు. తిరిగొచ్చేలోపు చెప్పెయ్యాలి. నాన్న మొహం చూశానంటే నా నోరు మళ్ళీ మూతపడిపోతుంది.

ముందు అత్త సంగతి. నువ్వు లేవని మాకు వండిపెట్టడానికి వచ్చిందా, వచ్చిన కొత్తలో బాగానే ఉంది. తర్వాత ఫోన్లో వీడియోలు చూసి ఫెంగ్ షుయ్ నేర్చేసుకుంది. అదేంటత్తా అంటే, “గాలీ నీళ్ళూ అని అర్థంరా. ఇంట్లో గాలి ఎలా పారితే బతుకూ అలా పారుతుంది. మీ ఇంట్లో గాలికి దారేది? అడుగడుగునా ఏదో ఒకటి కాలికి తగులుతుంది” అంది.

నాన్న తల ఎత్తకుండానే, “అంటే గాలి మాటలు చెప్పి సామానంతా నీళ్ళపాలు చెయ్యడమన్నమాట” అన్నాడు.

అత్త ఊరుకుంటుందా? “నీ కొట్టు చూసుకో తమ్ముడూ! గడియారాలు బాగుచేసేవాడి ఇంట్లో ఒక్కటీ సరైన టైం చూపించదు. ఒకటి మూడంటుంది, ఇంకోటి ఏడంటుంది. నేను దేన్ని చూసి పొయ్యి వెలిగించాలి?”

“నీ కడుపుని చూసి వెలిగించు. అది ఎప్పుడూ ఆగదు.”

అలా నవ్వుకుంటూనే మొదలైంది. నవ్వు ఆగింది బల్ల దగ్గర.

ముందు గదిలో నాన్న బల్ల గోడ వైపు ఉండేది కదా. మనకెప్పుడూ నాన్న వీపే కనిపించేది. తలుపుకి వీపు పెట్టి కూర్చునేవాడికి వచ్చే మంచి కనిపించదు, బల్ల తలుపు వైపు తిప్పాలి అంది అత్త. నాన్న వద్దన్నాడు. అత్త ఒక పక్క పట్టుకుంది. “వద్దన్నానా!” అని అరిచాడమ్మా. నాన్న అత్త మీద అరవడం నేనెప్పుడూ చూడలేదు. అత్త కూడా బిత్తరపోయి, “తిప్పుతోంది బల్లనిరా, నిన్ను కాదు” అంది. నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. నేనూ అత్తా కలిసి తిప్పేశాం.

అప్పటినుంచి నాన్న బల్ల ముందు కూర్చుంటాడు గానీ చేతులు బల్ల కిందే ఉంటాయి. ఎవరైనా గడియారం తెస్తే, “అక్కడ పెట్టి వెళ్ళండి, వచ్చేవారం రండి” అంటాడు. వచ్చేవారం వస్తే మళ్ళీ వచ్చేవారం. అత్త మీద అలిగాడనుకున్నా. అంతే అనుకున్నా.

తర్వాత అత్త ఒక లిస్టు రాసి తలుపు వెనక అంటించింది. వీడియోలో ఎలా చెప్పారో అలాగే, మనం ఎవరో పెద్దవాళ్ళమైనట్టు అండీలతో రాసింది. సోమవారం పొద్దున తను మార్కెట్‌కి వెళ్తూ, “నేనొచ్చేలోపు అందులో ఉన్నవి చూసి కానివ్వరా” అంది. నాన్న అప్పటికే స్ప్రింగుల కోసం వెళ్ళాడు. ఇంట్లో నేనొక్కణ్ణే. చదవడం నాకు ఎంత వచ్చో నీకు తెలుసు. ఐదో తరగతితో ఆగిన చదువు. ఆగిపోయినవన్నీ పారెయ్యాలంటే ముందు దాన్నే పారెయ్యాలి. అత్తని అడగొచ్చు, కానీ ఇంత పొడుగు పెరిగి ఇది కూడా రాదా అంటుందని అడగలేదు.

వేలు పెట్టి ఒక్కోటి కూడబలుక్కున్నా. విరిగిన కుర్చీలు పారేయండి. ఎండిన పూలు పారేయండి. బీట తీసిన కప్పులు పారేయండి. పగిలిన అద్దాలు పారేయండి. ఇది నా ఫోన్‌కి కూడా తగిలింది, దాన్ని జేబులో దాచుకున్నా. ఆ తర్వాత, ఆగిపోయిన గడియారాలు పారేయండి. దాని కింద వేరే లైన్లో నడిపించండి అని ఉంది. నాకు అర్థం కాలేదు. బండి మీద వేసి నడిపించమని కాబోలు అనుకున్నా.

పందొమ్మిది గడియారాలమ్మా. అరల్లోవీ, అరల వెనకవీ, అట్టపెట్టెలో ఉన్నవీ. రెండు సంచుల్లో వేశా. నీ అలారం కూడా ఆగే ఉంది, అది కూడా వేశా. చేతిలో పట్టుకుని ఒక్క నిమిషం ఆగా. అమ్మదే కదా అనిపించింది. కానీ లిస్టులో ఉంది కదా. వీధిలోకి పాత సామాన్ల బండి వచ్చింది. దాన్ని తోలే ముసలాయన్ని అందరూ గంట తాత అంటారు, బండికి గంట కట్టుకుని తిరుగుతాడు. కుర్చీ, కప్పులు, సంచులు అన్నీ ఎత్తించి, మలుపు దాకా బండి తోసి కూడా వచ్చా. నడిపించమన్నారని.

నాన్న వచ్చి అరలు చూశాడు.

“గడియారాలేవిరా?”

“పారేశా నాన్నా. లిస్టులో ఉంది.”

నాన్న తలుపు వెనక్కి వెళ్ళి చదివాడు. చాలాసేపు చదివాడు. “పారేయకండి అని ఉందిరా. మధ్యలో ‘క’ ఉంది. పారేయకండి, నడిపించండి” అన్నాడు. ముందున్న నాలుగూ పారేయండి, పారేయండి అని ఉంటే నా కళ్ళు కూడా అలవాటుపడి ఆ ‘క’ని మింగేశాయి.

కొడతాడనుకున్నా. తిడతాడనుకున్నా. నాన్న కుర్చీలో కూర్చుని, “పోనీలే” అన్నాడు.

పోనీలే ఏంటమ్మా? అవి ఊళ్ళోవాళ్ళవి. కస్టమర్ గాజు మీద గీత పడిందని ఒక పూట అన్నం మానేసిన మనిషి మన నాన్న. పందొమ్మిది పోతే పోనీలే అన్నాడు. అని ఊపిరి వదిలాడు. నెత్తిమీద మూట దించుకున్నవాడిలా వదిలాడు. నాకు దెబ్బలు తిన్నా అంత భయం వేసేది కాదు.

నేను పరుగెత్తా. రెండు వీధులవతల తాత రేకుల షెడ్డు. వెళ్ళేసరికి తాత చేతిలో సుత్తి ఉంది. ఆయన ముందు రెండు గడియారాల పొట్టలు పగిలి ఉన్నాయి, ఇత్తడి చక్రాలు ఒక డబ్బాలో, ఇనుము ఇంకో డబ్బాలో. మూడోది రాయి మీద పెట్టాడు. అది నీదే. వెళ్ళి ఆ రాయి మీద చెయ్యి పెట్టేశా.

“ఓరి నీ, వేళ్ళు పోతాయిరా! నోట్లో మేకులు పెట్టుకొచ్చావా, పిలవలేవూ?”

“అవి పారెయ్యకూడనివి తాతా.”

“పారేసింది నువ్వేగా! బండి కూడా తోశావు!”

“ఒక అక్షరం చూసుకోలేదు.”

తాత పడీ పడీ నవ్వాడు. “ఒక్క అక్షరమేనా! నేను యాభై ఆరూ చూసుకోలేదు, అందుకే ఇక్కడున్నా. తీసుకుపో. కానీ ఆ మూల సీసాలన్నీ రంగులవారీగా ఏరి పెట్టి వెళ్ళు.” ఏరుతుంటే నీ గడియారాన్ని వెనక్కి తిప్పి చూస్తూ అన్నాడు, “ఇది విప్పిందెవర్రా?”

“మా నాన్న.”

“మీ నాన్న చెయ్యి తిరిగినవాడు కదరా. స్క్రూ చుట్టూ చూడు, కోడి కెలికినట్టు ఈ గీతలేంటి?”

సంచీలోవన్నీ తీసి చూశా. మిగిలిన పదిహేడూ అంతే. అన్నీ విప్పడం మొదలెట్టి వదిలేసినవే. ప్రతి స్క్రూ చుట్టూ గీతలే. నాన్న స్క్రూడ్రైవర్ జారడం నేను పుట్టాక చూడలేదమ్మా.

సంచులు మోసుకుని ఇంటికొచ్చా. బల్ల తలుపుకి ఎదురుగా ఉంది కదా, అడుగుపెట్టగానే నాన్న మొహం కనిపించింది. సంచులు చూసి ఆ మొహం చిన్నబోయింది.

“ఎందుకు తెచ్చావురా?”

నీ గడియారం తీసి, గీతలున్న వైపు పైకి ఉండేలా బల్ల మీద పెట్టా. నాన్న దాన్ని చూశాడు. నన్ను చూశాడు. తర్వాత బల్ల కిందనుంచి కుడిచెయ్యి తీసి నా ముందు పెట్టాడు. అది వణుకుతోందమ్మా. కీ అయిపోవస్తున్న అలారం ఆగలేక ఆగలేక కొట్టుకుంటుందే, అలా. ఇంకో చేత్తో అదిమి పట్టుకున్నా ఆగలేదు. నువ్వెళ్ళిన నెలకే మొదలైందట. గోడ వైపు కూర్చుంటే ఎవరికీ కనపడదని అలాగే నెట్టుకొచ్చాడట.

“అమ్మకి చెప్పకు. తెలిస్తే ఆ పెద్దావిణ్ణి అలాగే వదిలేసి వచ్చేస్తుంది. ఆవిడకెవరున్నారు? ఇంకో రెండు నెలలేగా” అన్నాడు.

“డాక్టర్ దగ్గరికి వెళ్దాం నాన్నా.”

“వెళ్తే ఏమంటాడో నాకు తెలుసులే.”

మాటిచ్చా. ఇదిగో, తప్పా. అత్తకి ఇంకా తెలీదు.

ఇక నేను చేసిన పని. ఇది నాన్నకి కూడా చెప్పలేదు. గురువారం మధ్యాహ్నం నాన్న పడుకున్నాడు, అత్త పెరట్లో ఉంది. నీ గడియారం ముందు కూర్చున్నా. ఒక కంటికి నాన్న కంటద్దం పెట్టుకున్నా. నాలుగేళ్ళుగా పక్కన నిలబడి అందిస్తూనే ఉన్నా కదా, దేని తర్వాత ఏది అడుగుతాడో నా చేతికి తెలుసు. లోపల నూనె గట్టిపడి జిగురైపోయింది. వెంట్రుకంత స్ప్రింగు ఒకటి మెలిపడి ఉంది. దాన్ని ట్వీజర్‌తో పట్టుకుని సరిచేస్తున్నంతసేపూ ఊపిరి తీసుకోలేదు. స్క్రూలు బిగిస్తుంటే ఎక్కడా జారనివ్వలేదు. పాత గీతల పక్కన కొత్తది ఒక్కటి కూడా పడలేదు. కీ ఇచ్చా. నడిచింది. భయమేసి, ఎక్కడిదక్కడే పెట్టేసి లేచిపోయా.

కానీ ఇల్లు ఖాళీ కదమ్మా. సామానుంటే ఆ చప్పుడు ఎందులోనో దాక్కునేది. ఇప్పుడు టిక్కు టిక్కుమని ఇల్లంతా వినిపిస్తోంది. అత్త పరుగెత్తుకొచ్చి, “చూశారా! బల్ల తిప్పాను, గాలి పారింది, గడియారం దానంతటదే నడిచింది! ఇంకా గాలి మాటలంటావా తమ్ముడూ?” అని గెంతినంత పనిచేసింది.

నాన్న లేచొచ్చి గడియారం చెవి దగ్గర పెట్టుకున్నాడు. వెనక మూత తీసి, కంటద్దంలోంచి స్క్రూలు చూశాడు. నేను నేలని చూస్తున్నా. మూత పెట్టేసి, “అవునక్కా, నీ గాలే” అన్నాడు. అంతే. నావైపు చూడలేదు.

నేనెందుకు చెప్పలేకపోయానంటే, నాకు వచ్చు నాన్నా అంటే, నీకిక రాదు నాన్నా అన్నట్టే కదా. అది నా నోటితో ఎలా అంటా? అనకపోతే మిగతా పదహారూ వచ్చేవారం, వచ్చేవారం అంటూ అక్కడే ఉంటాయి. టీచరమ్మ ఇప్పటికి నాలుగుసార్లు వచ్చి వెళ్ళింది.

నువ్వు పని వదిలేసి రావద్దు. కానీ నాన్నకి ఫోన్ చేసి డాక్టర్ దగ్గరికి వెళ్ళమని చెప్పు. నేను చెప్పానని కూడా చెప్పు, ఫర్వాలేదు. నీ మాటయితే వింటాడు. నీ గడియారం పొద్దున ఆరింటికి మోగింది. అత్త ఉలిక్కిపడి గరిట పడేసుకుంది.

చెప్పుల చప్పుడు వినిపిస్తోంది, నాన్నవే. ఉంటా.

ఇట్లు,
‘క’ నేర్చుకుంటున్న నీ చిన్నోడు

అమ్మా, ఇంకొక్కటి. నాన్న పొద్దున వెళ్ళేముందు టీచరమ్మ గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. కంటద్దం తుడిచాడు. ట్వీజర్ తీసి తన వైపు కాకుండా, నేను నిలబడే వైపు పెట్టాడు. నువ్వు నాన్నని ఇన్నేళ్ళుగా చూస్తున్నావు కదా, నువ్వే చెప్పు. అది బల్ల సర్దడానికా, నాకివ్వడానికా?