నాకు వినపడని ఇంజను

3 ఫిబ్రవరి 2025, సోమవారం. ఉదయం 10

ఇంజను ఇవాళ మొదటిసారి తిరిగింది. ఇంకా స్టీమ్ పెట్టలేదు, కంప్రెసర్ గాలితోనే. ఇంట్లో నా చేత్తో చేసిన బుల్లి ఆవిరి ఇంజను, నాలుగేళ్ల పని. జానెడు ఎత్తు, ఒకే సిలిండరు, ఇత్తడి ఫ్లైవీలు. కొత్త బేరింగులు బిగుతుగా ఉంటాయి. రోజూ గంటసేపు ఆయిల్ వేస్తూ నెమ్మదిగా తిప్పి అలవాటు చెయ్యాలి.

ముప్పయ్యేళ్లు రైసుమిల్లులో ఫిట్టరుగా చేశాను. మెషీను బాగుందో లేదో విని చెప్పేవాణ్ని. కిందటేడు జ్వరం తర్వాత కుడిచెవి పోయింది. ఎడమది ఉందిలే అనుకున్నాను. ఇవాళ చక్రం తిరగడం కనపడింది. చప్పుడు రాలేదు.

7 ఫిబ్రవరి

మా ఆవిడ దీనమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నాను. చప్పుడు ఎలా ఉందంటే నా ఎడమచెవి దగ్గరికొచ్చి బాగానే ఉందండి అంటుంది. బాగానే అంటే ఏంటి? కుట్టుమిషను తొక్కినట్టుందంది. ఎవరి మిషను, నీదా, మీ అక్కదా అని అడిగాను. జవాబు నాకు అందకపోతే పలక మీద రాసింది: మా అక్కది.

వాళ్లక్క మిషను గడగడలాడుతుంది. అంటే ఎక్కడో లూజు. వెతికాను. ఒక స్క్రూ దొరికింది.

14 ఫిబ్రవరి

రాజమండ్రి వెళ్లొచ్చాం. ఎడమచెవి కూడా పోతోందట, నరం దెబ్బతిందట, చెవికి మెషీను పెట్టుకున్నా పెద్ద లాభం లేదట. డాక్టరు నా ఎదురుగానే చెప్పాడు. దీనమ్మ బయటికొచ్చాక రాసి చూపించింది.

20 ఫిబ్రవరి

స్టీమ్ పెట్టాను. స్పిరిట్ దీపం వెలిగించిన ఇరవై నిమిషాలకి తిరిగింది. హైస్కూలు సైన్సు మాస్టారు హరిబాబు గారు చూడ్డానికి వచ్చారు. ఇరవై ఎనిమిదిన ఎగ్జిబిషన్, తీసుకురమ్మని కాగితం చేతికిచ్చారు. దీనమ్మ వద్దని తల ఊపింది. నేను సరేనండి అన్నాను. నా చెవుల సంగతి ఆయనకి చెప్పొద్దని దీనమ్మతో అన్నాను.

ఇంకో పది గంటలైనా నెమ్మదిగా తిప్పాలి. రోజులు చాలవు.

28 ఫిబ్రవరి, సాయంత్రం

బాగానే మొదలైంది. హాలు నిండా పిల్లలు. దీనమ్మ నా పక్కనే ఉంది. బాయిలర్‌కి నీళ్లు తేవడానికి తనని నేనే పంపాను.

కాసేపటికి పిల్లలు చేతులెత్తి అరవడం మొదలెట్టారు. హరిబాబు గారు నోరు పెద్దగా తెరిచి ఏదో అంటున్నారు. మెచ్చుకుంటున్నారనుకున్నాను. నవ్వాను. అందరికీ దండం పెట్టాను. ఇంకాస్త స్టీమ్ ఇచ్చాను.

దీనమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి వాల్వు కట్టేసింది. అప్పటికే రాడ్డు వంగిపోయింది. ఫ్లైవీలు ఊడి బల్ల మీద దొర్లింది. ఎవరికీ తగల్లేదు, దేవుడి దయ.

ఇంటికొచ్చాక రాసింది. సుత్తితో కొట్టినట్టు చప్పుడు పంపు దగ్గరికి వినపడిందట. ఆపండి ఆశీర్వాదం గారూ అని మాస్టారు ఎన్నిసార్లు అరిచారో తెలీదట. నేను నవ్వుతూనే ఉన్నానట.

1 మార్చి

ఏమీ రాయాలని లేదు.

10 మార్చి

హరిబాబు గారు నన్ను తప్పు పట్టలేదు. తిరక్కపోయినా పర్లేదండి, స్కూల్లో అద్దాల బీరువాలో పెడదామని రాసి పంపారు. రాడ్డు సరిచేశాను. తిప్పి చూసే ధైర్యం లేదు. వెళ్లి పెట్టొచ్చాం.

బీరువా తలుపు వేస్తుంటే ఒక చిన్నపిల్ల ఏదో అడిగింది. నవ్వి, అవునమ్మా అన్నాను.

ఇది ఇంకెప్పుడూ తిరగదా తాతగారూ అని అడిగిందట.