అటక మీది ఆప్రికాట్ మొద్దు

అనార్‌కాన్, తెల్లవారేసరికి కొండ మీద మబ్బు విడిపోయింది. వాన రాదు, కోసిన గడ్డి తిరగెయ్యి. ఎర్రావు కుంటుతోంది, మందతో తోలకు.

అటక మీది ఆప్రికాట్ మొద్దు తీసుకుని సాగిన్ మేస్త్రీ దగ్గరికి వెళ్తున్నాను, కొముజ్ వాయిద్యం చెక్కడం నేర్చుకోవడానికి. ఆ కట్టె మూడేళ్లు ఆరితే చాలు. నేను పదకొండేళ్లుగా ఇంకా ఆరనీ అంటూనే ఉన్నాను. "కట్టె ఎప్పుడో ఎండిందయ్యా, ఇప్పుడు ఎండుతున్నది నువ్వే" అన్నావు నిన్న. నిజం కాబట్టే కోపమొచ్చింది. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవడం లేదు. ఇంకో చలికాలం ఆగితే ఉలి పట్టలేను.

పొద్దు వాలేలోపు వస్తాను.

నిన్న ఆ మాటయ్యాక ఇద్దరం మాట్లాడుకోకుండానే తిన్నాం. నీ గిన్నెలోని మాంసం ముక్క నా గిన్నెలో వేశావు. నేను చూశాను.